సెలవు పెట్టి ధ్యానానికి కూర్చునే ముందు

మూడు రోజులు సెలవు పెట్టి, ఫోన్ పక్కన పడేసి, ఎవరి పర్యవేక్షణా లేకుండా సొంతంగా బౌద్ధ ధ్యానం చేసుకుందామనుకునే ఉద్యోగుల కోసం ఇది. జాముల్ సిమెంట్ ఫ్యాక్టరీలో గానీ, భిలాయి స్టీల్ ప్లాంట్‌లో గానీ, వాటి చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ యూనిట్లలో గానీ షిఫ్టుల్లో పనిచేసే మన తెలుగువాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఇలాంటి శిబిరం ఎక్కడ చెడుతుందో ముందే చెప్పేస్తాను. మొదటి రోజు ఉత్సాహంగా గడుస్తుంది. రెండో రోజు పదకొండింటికి నడుం నొప్పి మొదలవుతుంది. ఇంకో అరగంట కూర్చోవాలా, లేచి నడవాలా? శ్వాసనే చూడాలా, మొన్న వీడియోలో చెప్పింది చేసి చూడాలా? మధ్యాహ్నం కాసేపు పడుకోవచ్చా? ఆఫీసు మెసేజ్ ఒక్కసారి చూస్తే ఏమవుతుంది? అలసిన మనసు ముందుకు ఇవన్నీ ఒకేసారి వస్తాయి. అలసిన మనసు ఎప్పుడూ తేలికైన జవాబే పట్టుకుంటుంది. సాయంత్రానికల్లా శిబిరం కాస్తా మామూలు సెలవు రోజైపోతుంది.

ధ్యాన కేంద్రాల్లో ఇలా జరగదు. అక్కడ గంట కొట్టేవాళ్ళు, వండేవాళ్ళు, సందేహం తీర్చేవాళ్ళు వేరే ఉంటారు. సొంత శిబిరంలో ఆ మూడు పనులూ మీ మీదే పడతాయి. కాబట్టి వాటిని ముందే తేల్చుకుని, కాగితం మీద రాసిపెట్టుకుని కూర్చోవాలి. లోపలికి వెళ్ళాక తీసుకోవాల్సిన నిర్ణయం ఒక్కటి కూడా మిగలకూడదు. ఇక్కడ చెప్పేదంతా ఈ మాటకు వివరణే.

ముందు ఒకరి దగ్గర నేర్చుకోండి

ధ్యానం అసలు నేర్చుకోనివాళ్ళు సొంత శిబిరంతో మొదలుపెట్టకూడదు. పుస్తకం చదివి, వీడియో చూసి రోజుకు ఏడు గంటలు కూర్చోవడం మొదలుపెడితే, సరిగా చేస్తున్నారో లేదో చెప్పేవాళ్ళు ఉండరు. ఇబ్బంది వస్తే అడగడానికీ ఎవరూ ఉండరు.

నేర్చుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. దుర్గ్ జిల్లాలోనే, అంజోరా దగ్గర థనోద్ గ్రామంలో ధమ్మ కేతు అనే విపస్సన కేంద్రం ఉంది. సత్యనారాయణ గోయెంకా నేర్పిన పద్ధతిలో అక్కడ 10 రోజుల కోర్సులు జరుగుతాయి. సెలవుల మీద హైదరాబాద్ వెళ్ళేవాళ్ళకు నాగార్జున సాగర్ రోడ్డులో ధమ్మ ఖేత్త ఉంది. బోధనకు గానీ, బసకు గానీ, భోజనానికి గానీ ఫీజు లేదు. కోర్సు పూర్తిచేసినవాళ్ళు ఇచ్చే విరాళాలతోనే ఈ కేంద్రాలు నడుస్తాయి. దరఖాస్తులో మీకు వచ్చిన భాషలు అడుగుతారు. తెలుగు అని తప్పకుండా రాయండి.

సెలవు లెక్క దగ్గర చాలామంది పొరబడతారు. 10 రోజుల కోర్సు కదా అని 10 రోజులే పెడతారు. ముందు రోజు మధ్యాహ్నానికి చేరాలి, 11వ రోజు ఉదయం బయటికి వస్తారు. అంటే క్యాలెండర్‌లో 12 రోజులు. తిరిగొచ్చిన రోజు రాత్రే డ్యూటీ పెట్టుకోకుండా ఇంకో రోజు కలుపుకోండి. మధ్యలో వదిలి రావడానికి ఒప్పుకోరు కాబట్టి, ఇంట్లో పెళ్ళో, ప్లాంట్‌లో షట్‌డౌనో ఉన్న నెలలో వెళ్ళొద్దు.

ఉద్యోగం చేసుకునేవాళ్ళకు ఇదంతా అందదనే అనుమానం ఉంటే ఒక విషయం తెలుసుకోండి. ఈ పరంపర మన దాకా వచ్చింది పనిచేసుకుని బతికిన గృహస్థుల చేతుల మీదుగానే. బర్మాలో సయా తెట్‌జీ రైతు. ఆయన దగ్గర 1937లో నేర్చుకున్న ఊ బా ఖిన్ ప్రభుత్వ అకౌంట్స్ ఉద్యోగి. 1948లో బర్మా స్వతంత్రమయ్యాక అకౌంటెంట్ జనరల్ అయ్యాడు. తన ఆఫీసు సిబ్బందికి ధ్యానం నేర్పాడు. 1952లో రంగూన్‌లో ధ్యాన కేంద్రం పెట్టాడు. అటు ఫైళ్ళు, ఇటు ధ్యానం రెండూ నడిపాడు. ఆయన దగ్గర 1955లో నేర్చుకున్న గోయెంకా వ్యాపారి. 1969లో ఇండియాకు వచ్చి నేర్పడం మొదలుపెట్టాడు. పని ఒత్తిడి ఏమిటో తెలిసినవాళ్ళు నడిపిన దారి ఇది. అందుకే టైమ్‌టేబుల్‌కు ఇందులో అంత విలువ.

ఎవరు ఒంటరిగా కూర్చోకూడదు

కొందరికి ఈ పని ఒంటరిగా వద్దని నిక్కచ్చిగా చెబుతాను. డిప్రెషన్‌కో, బైపోలర్‌కో, సైకోసిస్‌కో మందులు వాడుతున్నవాళ్ళు, గతంలో వాడినవాళ్ళు. ఇంట్లో ఈమధ్యే చావు జరిగినవాళ్ళు. పెద్ద యాక్సిడెంట్ కళ్ళారా చూసి ఇంకా దాని నుంచి తేరుకోనివాళ్ళు. రోజూ మందు తాగే అలవాటును ఆ మూడు రోజుల్లోనే ఒక్కసారిగా ఆపేద్దామనుకునేవాళ్ళు. వీళ్ళు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. తర్వాత కూడా గురువు ఉన్న చోటే కూర్చోవాలి.

దీర్ఘకాలం మౌనంగా కూర్చుంటే కొందరికి భయం, నిద్ర పట్టకపోవడం, తన శరీరం తనది కానట్టు అనిపించడం లాంటివి రావచ్చు. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు బౌద్ధ ధ్యానం చేసేవాళ్ళతో, నేర్పేవాళ్ళతో మాట్లాడి 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి అనుభవాలను వివరంగా నమోదు చేశారు. అందరికీ వస్తాయని కాదు. ప్లాంట్‌లో వర్క్ పర్మిట్ రాసేటప్పుడు ప్రమాదం రాకపోవచ్చని తెలిసీ జాగ్రత్తలన్నీ రాస్తాం కదా, ఇక్కడా అదే పద్ధతి.

షుగర్, బీపీ ఉన్నవాళ్ళు మందుల టైమ్ మార్చొద్దు. మధ్యాహ్నం తర్వాత తినకూడదన్న నియమం అష్టశీలంలో ఉంది, నిజమే. ఇన్సులిన్ వేసుకునే మనిషి డాక్టర్‌ను అడగకుండా దాన్ని పాటించడానికి లేదు. నియమం పేరుతో షుగర్ పడిపోతే అది ధ్యానం కిందికి రాదు.

ఎన్ని రోజులు: మూడు ఉదాహరణలు

మొదటి ఉదాహరణ, కిల్న్ కంట్రోల్ రూమ్ ఆపరేటర్. సంపాదిత సెలవులు చేతిలో ఉన్నాయి. ఐదు రోజులు పెట్టి రోజుకు పది గంటలు కూర్చుంటానంటాడు. నైట్ షిఫ్టుల వారం ముగిసిన ఉదయం నుంచే మొదలుపెడతానంటాడు. ఇది నిలవదు. నైట్ షిఫ్టుల వారం తర్వాత శరీరానికి పగలు రాత్రి తేడా తెలియదు. మొదటి రోజంతా ఆసనం మీద కునికిపాట్లే. సరైన లెక్క ఇలా ఉండాలి: మొదటి రోజు పూర్తిగా నిద్రకు, సామాన్లు తెచ్చుకోవడానికి. రెండు, మూడు, నాలుగు రోజులు శిబిరం. ఐదో రోజు ఇంటివాళ్ళతో మామూలుగా గడిపి, ఆరో రోజు డ్యూటీ. ఐదు రోజుల సెలవులో అసలు ధ్యానం మూడు రోజులే. రోజుకు పది గంటలు కాదు, ఆరేడు గంటలు. ఈ మూడు రోజులు నిండుగా జరిగితే చాలు.

రెండో ఉదాహరణ, ప్యాకింగ్ ప్లాంట్‌లో కాంట్రాక్టర్ కింద లోడింగ్ చూసుకునే సూపర్‌వైజర్. చట్టం ప్రకారం 20 పనిదినాలకు ఒక రోజు సెలవు లెక్క ఉన్నా, ఆయన చేతికి అది సరిగా అందడం లేదు. సెలవంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఈయనకు మూడు రోజుల శిబిరం చెప్పడం అన్యాయం. వీక్లీ ఆఫ్ ముందు రోజు డ్యూటీ దిగి, స్నానం చేసి, రాత్రి ఎనిమిదింటికి మౌనం మొదలుపెట్టొచ్చు. మర్నాడు సాయంత్రం ఆరింటికి ముగించొచ్చు. నెలకు ఒకసారి చాలు. పౌర్ణమి, అమావాస్య, అష్టముల్లో గృహస్థులు ఒక రోజు ఎనిమిది శీలాలు పాటించి మర్నాడు పనిలోకి వెళ్ళే ఉపోసథ ఆచారం బుద్ధుడి కాలం నుంచీ ఉంది. కూలి పోగొట్టుకోలేని మనిషికి ఇది రెండో రకం శిబిరమేమీ కాదు. ఆయన బతుక్కు సరిపోయే కొలత అదే.

మూడో ఉదాహరణ, ఆస్పత్రిలో నర్సుగా చేసే ఇద్దరు పిల్లల తల్లి. ఇంట్లో ఉంటే అమ్మా అన్న పిలుపు ఆగదు. వేరే చోటికి పోవడానికి కుదరదు. వరసగా రెండు ఆదివారాలు తెల్లవారుజామున నాలుగున్నర నుంచి పదకొండు దాకా కూర్చోవచ్చు. ఆ ఆరున్నర గంటలు పిల్లల బాధ్యత, వంట బాధ్యత భర్తదో, అత్తగారిదో అని ముందే మాట్లాడుకోవాలి. మాట్లాడుకోకుండా కూర్చుంటే ప్రతి చప్పుడుకూ చెవి అటే పోతుంది.

మగవాళ్ళకు ఇక్కడే ఒక మాట. మీరు గదిలో మౌనంగా కూర్చుని, ఇంట్లో ఆవిడ టైమ్‌కు భోజనం తెచ్చి గుమ్మంలో పెట్టేలా శిబిరం ప్లాన్ చేస్తే, మీ ప్రశాంతత ఖర్చు ఆవిడ కడుతున్నట్టు. మీ వంట మీరే చేసుకునేలా చూసుకోండి. లేదా అదే పనికి ఆవిడకూ రెండు రోజులు మీరు ఇవ్వండి. ఈ లెక్క తేలకుండా సెలవు ఫారం నింపొద్దు.

నెల, తేదీ, హ్యాండోవర్

జాముల్‌లో మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. రేకుల కప్పు కింద కూలర్ మోతలో కూర్చుంటే శ్వాస కంటే చెమటే ఎక్కువ తెలుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నయం. కానీ పెళ్ళిళ్ళ సీజన్‌లో డీజే రాత్రి పదకొండు దాకా ఆగదు. గణేశ్ నవరాత్రులు, దుర్గా పూజ, సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ వచ్చే వారాలు వదిలేయండి. మార్చి క్లోజింగ్ నెల ఎలాగూ కుదరదు. కిల్న్ షట్‌డౌన్, స్టీల్ ప్లాంట్‌లో క్యాపిటల్ రిపేర్ తేదీలు ముందు కనుక్కుని, వాటికి రెండు వారాలు అటో ఇటో పెట్టుకోండి.

సెలవు కారణం దాచొద్దు, డప్పు కొట్టొద్దు. "పర్సనల్ పని, ఫోన్‌లో దొరకను" అంటే చాలు. కానీ దొరకను అన్న మాట పైఅధికారికి ముందే స్పష్టంగా తెలియాలి. హ్యాండోవర్ నోట్‌లో పెండింగ్ పనులు, ఎవరు చూస్తారు, ఏ స్పేర్ ఎక్కడుంది, ఏ అలారం వస్తే ఎవరిని పిలవాలి అన్నీ రాయండి. ఈ నోట్ మీ సహోద్యోగి కోసమే అనుకోకండి. అది సరిగా రాయకపోతే రెండో రోజు ధ్యానంలో మీకు కనిపించేది మీరు రాయకుండా వదిలేసిన బేరింగే.

సెలవు మంజూరయ్యాక ఇంట్లోవాళ్ళలో ఒకరికి మాత్రం అత్యవసరానికి మిమ్మల్ని పిలిచే అధికారం ఇవ్వండి. అత్యవసరం అంటే ఏమిటో కూడా ముందే అనుకోండి. ఆస్పత్రి అయితే పిలవాలి, గ్యాస్ బండ అయిపోతే పిలవనక్కర్లేదు. ఫోన్ స్విచాఫ్ చేసి ఆ మనిషి చేతికే ఇచ్చేయండి. గదిలో పెట్టుకుని చూడకుండా ఉంటాననే పందెం మీతో మీరు వేసుకోవద్దు.

చోటు

మన ఉత్తరాంధ్ర నుంచి భిలాయికి వచ్చినవాళ్ళు చాలామంది శాలిహుండమో, తొట్లకొండో చూసే ఉంటారు. తొట్లకొండ శిథిలాలను ఈసారి ధ్యానం ప్లాన్ చేసే మనిషి కళ్ళతో చూడండి. ఒక్కొక్కరికి చిన్న గది. రాతిలో తొలిచిన నీటి తొట్లు. వంటకు, భోజనానికి వేరే చోటు. అందరూ కూడే మండపం. వర్షాకాలంలో ఆషాఢ పౌర్ణమి దాటాక మూడు నెలలు భిక్షువులు ఒకేచోట ఉండిపోవాలన్నది నియమం. నీళ్ళెక్కడ, తిండెక్కడ, నిద్రెక్కడ అన్న ప్రశ్న లేకుండా చేసేశాకే వాళ్ళు కూర్చున్నారు. ఇటు మహానది ఒడ్డున సిర్పూర్ విహారాల్లోనూ నడుమ ముంగిలి, చుట్టూ గదులు కనిపిస్తాయి. మీకు కావలసింది కూడా అంతే: ఒక గది, నీళ్ళు, తిండి, నడవడానికి పది పన్నెండు అడుగుల చోటు.

ఇంట్లో అయితే లారీల రోడ్డుకు దూరంగా ఉన్న గది ఎంచుకోండి. చప్పుడు పూర్తిగా పోదు, పోవాలనీ అనుకోవద్దు. ఫ్యాక్టరీ మోత ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి అరగంటలో అలవాటైపోతుంది. ఇబ్బంది పెట్టేది మాటలు, టీవీ. అవి వినిపించే గది వద్దు.

బయటికి పోగలిగితే నాగపూర్ లైన్‌లో డోంగర్‌గఢ్ ఉంది. అక్కడి ప్రజ్ఞాగిరి కొండ మీద పెద్ద బుద్ధ విగ్రహం ఉంది. బమ్లేశ్వరి అమ్మవారి గుడి కూడా అదే ఊళ్ళో ఉంది కాబట్టి చైత్ర, ఆశ్వయుజ నవరాత్రుల్లో ఊరంతా జనమే. ఆ రోజుల్లో వెళ్ళి ప్రశాంతత వెతుక్కోవద్దు. ఎక్కడికి వెళ్ళినా ముందు ఒకసారి వెళ్ళి గది, నీళ్ళు, రాత్రి కరెంటు చూసి రండి. కొత్త చోటు చూడాలన్న కోరిక ధ్యానం పేరుతో బయల్దేరుతోందేమో కూడా చూసుకోండి. అలా అనిపిస్తే ఇంటి గదే మంచిది.

ఒకే పద్ధతి

శిబిరానికి ఒకే పద్ధతి. ఆనాపాన అంటే ముక్కు దగ్గర వచ్చే పోయే శ్వాసను ఉన్నదున్నట్టు గమనించడం. విపస్సన గోయెంకా పద్ధతిలో అయితే తల నుంచి పాదం దాకా ఒంట్లో కలిగే స్పర్శలను వరసగా, ప్రతిస్పందించకుండా చూడటం. బర్మాకే చెందిన మహాసీ సయాదా పద్ధతిలో పొట్ట పైకి లేవడం, దిగడం ప్రధాన గురి. మధ్యలో వచ్చే ఆలోచననూ, నొప్పినీ, చప్పుడునూ మనసులోనే పేరు పెట్టి గమనించి మళ్ళీ పొట్ట దగ్గరికి వస్తారు. మెత్త అంటే తనకూ, ఇతరులకూ మేలు కోరే భావన. అన్నీ మంచివే. మూడు రోజుల్లో అన్నీ చేస్తే మాత్రం ఒక్కటీ కుదురుకోదు.

గోయెంకా కోర్సు చేసినవాళ్ళకు లెక్క తేలికే. అందులో ఆనాపాన, విపస్సన, మెత్త ఒకే పద్ధతిలోని మెట్లు. 10 రోజుల్లో మొదటి మూడున్నర రోజులు ఆనాపానకే పోతాయి. మీ మూడు రోజుల్లోనూ మొదటి రోజు ఆనాపాన, మిగతా రెండు రోజులు విపస్సన, ప్రతి సాయంత్రం చివర్లో కొద్ది నిమిషాలు మెత్త. ఒక్క రోజే ఉంటే మూడో వంతు ఆనాపానకు ఇవ్వండి. మొదటి రోజు విసుగ్గా ఉంటుంది. దాన్ని కుదించి తొందరగా ముందుకు పోవాలనిపిస్తుంది. పోవద్దు. మనసు నిలవకుండా ఒళ్ళు చూడటం మొదలుపెడితే ఊహలే కనిపిస్తాయి.

ఒక చిన్న కార్డు మీద నాలుగు లైన్లు రాసుకోండి: పద్ధతి ఏమిటి, మనసు జారితే ఎక్కడికి తిరిగి రావాలి, నిద్రొస్తే ఏం చేయాలి, ఎప్పుడు ఆపేయాలి. సందేహం వచ్చినప్పుడు ఆలోచించొద్దు, కార్డు చూడండి. పుస్తకాలు తీసుకెళ్ళొద్దు. చదవడం కూడా ధ్యానం నుంచి తప్పించుకునే దారే.

టైమ్‌టేబుల్

కేంద్రంలో ఉదయం నాలుగింటికి గంట మోగుతుంది, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆరతాయి, నడుమ సుమారు పది గంటల ధ్యానం. ఒంటరిగా ఉన్నప్పుడు అంత వేయకండి. మూడు రోజుల శిబిరానికి ఇది సరిపోతుంది:

ఉదయం 4.30 లేవడం.
5 నుంచి 6 కూర్చోవడం. 6 నుంచి 6.30 నడక.
6.30 నుంచి 8 టిఫిన్, స్నానం, గది ఊడ్చుకోవడం.
8 నుంచి 9 కూర్చోవడం. 9 నుంచి 9.30 నడక. 9.30 నుంచి 10.30 కూర్చోవడం.
11 భోజనం, ఆ తర్వాత ఒక గంట పడుకోవడం.
1.30 నుంచి 2.15 నడక. 2.30 నుంచి 3.30 కూర్చోవడం. 4 నుంచి 4.45 కూర్చోవడం.
5 టీ, పళ్ళు. అవసరమున్నవాళ్ళు పూర్తి భోజనం.
6 నుంచి 7 కూర్చోవడం. 7.30 నుంచి 8 నడక. 8 నుంచి 8.30 మెత్త.
9 గంటలకు నిద్ర.

కూర్చోవడం ఆరు గంటలు దాటుతుంది, నడక రెండు గంటల పైన. నడకను విశ్రాంతిగా లెక్కేయొద్దు. పది పన్నెండు అడుగుల చోటులో నెమ్మదిగా అటూ ఇటూ, అడుగు లేవడం, సాగడం, ఆనడం గమనిస్తూ నడవాలి. బుద్ధుడి సుత్తాల సంపుటమైన అంగుత్తర నికాయంలో నడక ధ్యానానికి ఐదు లాభాలు చెప్పారు: దూర ప్రయాణానికి ఓర్పు, సాధనకు ఓర్పు, రోగాలు తక్కువ, తిన్నది అరగడం, అలా కుదిరిన ఏకాగ్రత ఎక్కువసేపు నిలవడం. గోయెంకా కేంద్రాల్లో నడకను విడిగా నేర్పరు. ఆ పద్ధతివాళ్ళు ఆ సమయంలో మామూలుగా నడుస్తూ, జాగ్రత్తగా ఉంటే చాలు.

పట్టుదల ఎక్కువున్నవాళ్ళకు సోణుడి కథ గుర్తుండాలి. ధనవంతుల ఇంట పుట్టి భిక్షువైన అతను పాదాలు చిట్లి నెత్తురు కారేదాకా నడక ధ్యానం చేసి, ఫలితం కనిపించక వదిలేద్దామనుకున్నాడు. అతను ఒకప్పుడు వీణ వాయించేవాడు. తీగ మరీ బిగించినా, మరీ వదులుగా ఉంచినా వీణ పలకదు కదా అని బుద్ధుడు గుర్తుచేశాడు. ప్లాంట్‌లో టార్గెట్ 110 శాతం కొట్టే అలవాటున్న మనిషికి సరిగ్గా ఇదే సమస్య వస్తుంది. రెండో రోజు బాగా జరిగిందని మూడో రోజు గంటలు పెంచొద్దు. సరిగా జరగలేదని తగ్గించొద్దు. టైమ్‌టేబుల్ మార్చే అధికారం శిబిరంలో కూర్చున్న మీకు లేదు. అది ప్లాన్ వేసినప్పటి మీది.

లోపల ఏం చెడుతుంది

మొదటిది నిద్రమత్తు. దీనికి తన శిష్యుడు మొగ్గల్లానుడికి బుద్ధుడు చెప్పిన వరస ఇప్పటికీ పనికొస్తుంది. మత్తు తెచ్చిన ఆలోచనను వదలడం, విన్న ధర్మాన్ని తలచుకోవడం, పైకి వల్లించడం, చెవులు లాగి ఒళ్ళు రుద్దుకోవడం, లేచి ముఖం కడుక్కుని నలుదిక్కులా చూడటం, పగటి వెలుగును మనసులోకి తెచ్చుకోవడం, నడవడం. ఇవన్నీ అయ్యాక కూడా పోకపోతే, లేచే సమయం అనుకుని కుడివైపు తిరిగి పడుకోవడం. చివరిది గమనించండి. నిద్ర అప్పు ఉన్న మనిషికి నిద్రే మందు. షిఫ్ట్ వర్కర్లు మొదటి రోజు అరగంట ఎక్కువ పడుకున్నా నేరం కాదు.

రెండోది నొప్పి. మోకాలు, నడుం పట్టేస్తే ఒక నిమిషం గమనించి, అప్పటికీ తట్టుకోలేకపోతే నెమ్మదిగా కదలండి. కుర్చీలో కూర్చున్నా తప్పు లేదు. లేచాక కూడా ఒక గంట తగ్గని నొప్పి, కాలు తిమ్మిరి పోకపోవడం ఉంటే ఆ ఆసనం మానేయండి. ఛాతీలో నొప్పి వస్తే ధ్యానం ఆపి ఆస్పత్రికే వెళ్ళాలి, గమనిస్తూ కూర్చోవడం కాదు.

మూడోది ఆఫీసు. ప్రమోషన్ రాని సంవత్సరం, మీటింగ్‌లో పడిన మాట, సహోద్యోగి తీసుకున్న క్రెడిట్ అన్నీ వస్తాయి. మనసును చెదరగొట్టే ఆలోచనలను ఎలా తప్పించాలో మజ్ఝిమ నికాయం 20వ సుత్తంలో ఐదు మెట్లుగా ఉంది: మనసును మంచి విషయం మీదికి తిప్పడం, ఆ ఆలోచన వల్ల నష్టం చూడటం, దాన్ని పట్టించుకోకపోవడం, అది ఎలా పుడుతోందో చూసి నెమ్మదింపజేయడం, ఏదీ కుదరకపోతే గట్టిగా అణచడం. వరస ముఖ్యం. మనవాళ్ళు చివరి మెట్టుతో మొదలుపెట్టి తలనొప్పి తెచ్చుకుంటారు.

నాలుగోది గొప్ప ఐడియాలు. రెండో రోజు సాయంత్రం ఉద్యోగం మానేసి వ్యాపారం పెట్టాలని, పాత గొడవకు ఎవరికో ఉత్తరం రాయాలని మహా స్పష్టంగా అనిపిస్తుంది. ఆ మూడు రోజుల్లో తీసుకున్న ఏ నిర్ణయమూ రెండు వారాలు అమలు చేయొద్దు. రాసిపెట్టుకోవాలనిపిస్తే రోజుకు ఒక్క లైన్, రాత్రి పడుకునే ముందు.

ఐదోది వింత అనుభవాలు. వెలుగు కనిపించడం, ఒళ్ళు తేలికవడం, ఏడుపు రావడం మామూలే. అవి గొప్పతనమూ కాదు, ప్రమాదమూ కాదు. వాటిని మళ్ళీ తెచ్చుకోవాలని వెంటపడొద్దు. కానీ రెండు రాత్రులు అసలు నిద్ర పట్టకుండా అలసట కూడా తెలియకపోవడం, లేని గొంతులు వినిపించడం, ఆగని భయం, చనిపోవాలన్న ఆలోచన వస్తే శిబిరం అక్కడితో ఆపేయాలి. వెంటనే ధ్యానం మానేసి, కడుపునిండా తిని, ఇంట్లోవాళ్ళతో మాట్లాడి, డాక్టర్‌ను కలవండి. టెలి మానస్ నంబర్ 14416 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. అది కార్డు మీద ఉండాలి. ఆపేయడం ఓటమి కాదు. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కిన ఆపరేటర్‌ను మనం తప్పు పట్టం.

తిరిగి పనిలోకి

ముగిసిన రోజు నేరుగా డ్యూటీకి పోవద్దు, ముఖ్యంగా క్రేన్, లోకో, హాట్ మెటల్ దగ్గర పనిచేసేవాళ్ళు. ఒక పూట మాటల్లో, చప్పుడులో పడి తేరుకోవాలి. ఫోన్ తెరిచాక మెసేజీలన్నీ ఒకేసారి చదవొద్దు. ముందు హ్యాండోవర్ తీసుకున్న మనిషితో మాట్లాడండి, థాంక్స్ చెప్పండి, ఆయన సెలవు తేదీ అడగండి. ఆయన డ్యూటీ మీరు చూస్తేనే వచ్చే ఏడాది మీ సెలవు నిలుస్తుంది.

క్యాంటీన్‌లో ధ్యానం గురించి ఉపన్యాసాలు ఇవ్వొద్దు. అడిగినవాళ్ళకు రెండు మాటలు చెప్పండి. మీరు మారారో లేదో నాలుగో రోజు బ్రేక్‌డౌన్ అయినప్పుడు హెల్పర్ మీద అరిచారా లేదా అన్నదాంట్లో అందరికీ తెలుస్తుంది.

ఉదయం, సాయంత్రం గంట చొప్పున కూర్చోమని గోయెంకా పరంపరలో చెబుతారు. షిఫ్టుల్లో ఆ గంటలు ఎక్కడ పెట్టుకోవాలో శిబిరం ముందే తేల్చుకోండి. ఫస్ట్ షిఫ్ట్ వారంలో సాయంత్రం పూర్తి గంట, ఉదయం పావుగంట. నైట్ షిఫ్ట్ వారంలో పడుకుని లేచాక గంట. గడియారం చూసి కాకుండా, నిద్రలేచిన సమయం నుంచి లెక్కేసుకుంటే రోస్టర్ మారినా అలవాటు తప్పదు. ఇది నిలవకపోతే మూడు రోజుల శిబిరం రెండు వారాల్లో కరిగిపోతుంది.

చివరిగా ఈ వారంలోనే చేయాల్సిన పని చెబుతాను. ఇదివరకు కోర్సు చేయనివాళ్ళు థనోద్ కోర్సు తేదీలు చూసి 13 రోజుల సెలవుకు దరఖాస్తు పెట్టండి. చేసినవాళ్ళు షట్‌డౌన్ తేదీలు కనుక్కుని, ఇంట్లో మాట్లాడి, మూడు రోజులు గుర్తు పెట్టుకోండి. కార్డు రాయండి, టైమ్‌టేబుల్ గోడకు అంటించండి, ఫోన్ ఎవరికి ఇస్తారో ఆ మనిషికి చెప్పండి. తేదీ, కార్డు, మనిషి ఈ మూడూ తేలాకే సెలవు ఫారం మీద సంతకం పెట్టండి.